అది కుంకుమ కాదమ్మా

నేను ఒక మట్టి కుండీని. అడుగున చిల్లున్నదాన్ని. మంచినీళ్ళ కుండకి చిల్లు పడితే అవతల పారేస్తారు గానీ, నాకు ఆ చిల్లు లేకపోతే బతుకే లేదు. నన్ను చేసిన కుమ్మరి సాంబయ్య సారె మీద నుంచి దించి, ఇంకా పచ్చిగా ఉండగానే భార్య చేతికిచ్చాడు. ఆవిడ బొటనవేలు నీళ్ళలో ముంచి నా అడుగున గుచ్చింది. "దీని కడుపులో నీళ్ళు నిలవకపోతే చాలయ్యా, దేన్నైనా బతికిచ్చిద్ది" అంది. ఆ మాట దీవెన అనుకున్నాను అప్పుడు. నేనేం బతికించగలను చెప్పండి. కదల్లేను, మెదల్లేను. నాలో పోసిన మట్టిని పట్టుకుని కూర్చోవడం తప్ప నాకు చేతనైన పని లేదు.

భయం మాత్రం అక్కడే పట్టుకుంది నన్ను. ఆవంలో కాలుతున్నప్పుడు నా పక్కనున్న కుండీ టప్పుమని పగిలింది. అప్పటిదాకా ఇద్దరం ఒక్కలాగే ఉన్నాం. ఒకే మట్టి, ఒకే చెయ్యి. అదెందుకు పగిలిందో, నేనెందుకు మిగిలానో ఈనాటికీ తెలీదు. ఆ రోజు నుంచీ ఏ చిన్న చప్పుడైనా, అయిపోయింది, ఇంక నా వంతే అనుకుంటాను.

మొదట నన్ను కొన్నది పొన్నూరులో టిఫిన్ హోటల్ పెట్టుకున్న గురవయ్య. నాలో రంగురంగుల క్రోటన్ నాటి గుమ్మం పక్కన పెట్టాడు. ఇడ్లీ తిన్నవాళ్ళు లోపలికెళ్ళి చెయ్యి కడుక్కునే ఓపిక లేక గ్లాసులో మిగిలిన నీళ్ళతో నా మీదే కడిగేవాళ్ళు. గ్లాసు అడుగున మిగిలిన టీ నాకే. ఒక పెద్దాయన సాంబారు కూడా పోశాడు, మొక్కకి బలమని. పైన ఆకులు నిగనిగలాడుతుంటే గురవయ్య మురిసిపోయేవాడు. కింద నా కడుపులో ఒక్కో వేరూ మెత్తబడి కుళ్ళిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఎవరితో చెప్పను. చివరికది ఒక్కసారిగా వాలిపోతే, "పట్నం మొక్కలు, ఇంతే ఇవి" అని పీకి అవతల పారేశాడు. కొన్నాళ్ళకి హోటల్ కూడా మూసేశాడు.

అప్పుడు శేషారత్నమ్మ నన్ను అడిగి తీసుకుంది. ఆవిడది గుంటూరు. ఆ రోజు పొన్నూరు పక్కన ఆకుతోటకి పోయి, తమలపాకు తీగ ముక్క ఒకటి తడి గుడ్డలో చుట్టుకుని తిరిగొస్తోంది. మెట్ల మీద ఖాళీగా పడున్న నన్ను చూసి, "ఈ కుండీ నాకిస్తావా గురవయ్యా, తీగకి సరిగ్గా సరిపోయిద్ది" అంది. బస్సులో దారి పొడుగునా నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ప్రతి గతుక్కీ నా గుండె జారింది గానీ, ఆవిడ చేతులు వదల్లేదు.

ఆకుతోట రైతు ఆవిడకి మూడు మాటలు చెప్పాడట. తలస్నానం చేసే ముట్టుకోవాలి. చెప్పుల కాళ్ళతో దగ్గరికి పోకూడదు. ఆడవాళ్ళు బయటున్న మూడు రోజులూ దీన్ని తాకకూడదు, తాకితే తీగ నిలువునా ఎండిపోయిద్ది. ఆ మూడు మాటలూ శేషారత్నమ్మ ఒంట్లో ఎముకల్లాగా నిలబడిపోయాయి. ఇంటికి వచ్చిన వాళ్ళకి తీగ చూపించినప్పుడల్లా అవి కూడా చెప్పేది.

వాళ్ళది రెండో అంతస్తులో ఫ్లాటు. హాల్లో కిటికీ పక్కన నా చోటు. తీగ నాలో వేరు పోసుకుని, కిటికీ ఊచలు పట్టుకుని పాకింది. ఆరేళ్ళు. నేను కన్నదాన్ని కాదు. అయినా దాని వేర్లు నా గోడలకి తగిలి చుట్టుకుంటుంటే నాకేదో అయ్యేది. ఒక్క ఆకు పసుపు పచ్చబడితే ఆ వారమంతా నాకు దిగులే. శేషారత్నమ్మ ప్రతి శుక్రవారం నా అంచుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. పేరంటాలకి వచ్చిన ముత్తయిదువులకి తాంబూలమిస్తూ, "మా ఇంటి ఆకేనమ్మా, బజారుది కాదు" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం చూడాలి.

ఆవిడ కొడుకు శివప్రసాదు పురుగుమందుల దుకాణంలో పని చేస్తాడు. పొద్దున్నే కాఫీ తాగుతూ నా పక్కనే నిలబడి, ఫోన్లో రైతులతో మాట్లాడతాడు. మిరపకి ఏం కొట్టాలి, బెండకి ఏం కొట్టాలి, ఎన్ని రోజులాగి కోయాలి. మూడు మండలాల పైర్ల రోగాలు అతనికి నోటికొచ్చు. చెయ్యి చాస్తే అందే తీగ వైపు ఒక్కసారి తల తిప్పినట్టు నేనెరగను.

పోయిన శ్రావణంలో అతనికి పెళ్ళయింది. పిల్ల పేరు ఇందుమతి, రేపల్లె వైపు నుంచి వచ్చింది. వచ్చిన కొత్తలో ఆ పిల్లకి ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో తెలీదు. దేనికి చెయ్యి పెట్టినా "అది అట్టా కాదమ్మాయ్" అని అత్తగారు తీసుకునేది. ఇందుమతి ఇక తనకి మిగిలిన పని ఇదొక్కటే అన్నట్టు, రోజూ తలస్నానం చేసి మరీ నా దగ్గరికి వచ్చేది. ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చల్లే సీసా ఉంటుంది చూడండి, అది పట్టుకుని, ఒక్కో ఆకు తిప్పి అడుగున చల్లి, మెత్తటి గుడ్డతో తుడిచేది. పైన కాదు, అడుగున. ఎవరు నేర్పారో. తీగ అంత మెరుపుగా అంతకు ముందెప్పుడూ లేదు. శేషారత్నమ్మ కూడా చూసి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

అలా ఉండనిస్తే ఎంత బాగుండు.

శివరాత్రి వెళ్ళాక ఎండలు ముదిరాయి. ఒక రోజు ఇందుమతి బయట చేరి, హాల్లో ఓ మూల చాప మీద కూర్చుని ఉంది. ఈదురుగాలి కొట్టి తీగ కొస ఊచ నుంచి ఊడి, కిటికీ రెక్కకి కొట్టుకుంటోంది. ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. అత్తగారు స్నానానికి వెళ్ళింది. గబుక్కున లేచి, దారం తీసుకుని తీగని ఊచకి కట్టింది. ముడి వేస్తుండగానే శేషారత్నమ్మ తడి తలతో వచ్చి నిలబడింది.

"అయ్యో, ముట్టుకున్నావా" అంది. గట్టిగా కూడా అనలేదు. అందుకే మరీ భయమేసింది నాకు.

"విరిగిపోతుందేమోనని అత్తయ్యా."

"విరిగితే ఓ కొమ్మ పోయేది."

అదే వారంలో శేషారత్నమ్మ రైతుబజారు నుంచి బెండకాయలు తెచ్చి, సంచీ తీసుకెళ్ళి కిటికీ ఊచకే తగిలించింది. కాయల మధ్య ఒక బెండాకు ఉంది. ఆ ఆకు నుంచి ఎర్రటివి ఏవో దిగాయి. ఆవగింజని పదిహేను ముక్కలు చేస్తే ఒక్క ముక్క ఎంతుంటుందో అంత. సంచీ మీద నుంచి ఊచ మీదికి, ఊచ మీద నుంచి తీగ మీదికి. నా అంచు మీద నుంచి కూడా కొన్ని నడిచాయి. వాటి కాళ్ళు నాకు తగిలాయి. నా బిడ్డ మీదికి నా భుజం మీద నుంచే ఎక్కుతున్నాయి, నేను భుజం విదిలించలేను. దీన్ని ఏమంటారో మీరే చెప్పండి.

పది రోజుల్లో ఆకుల మీద సూదితో పొడిచినట్టు తెల్ల చుక్కలు లేచాయి. తర్వాత ఆకు పాలిపోయింది. ఆకుకీ కాడకీ మధ్య పొగలాంటి సన్నటి బూజు కట్టింది. శేషారత్నమ్మ వేలితో లెక్కపెట్టుకుంది. "ఆ పిల్ల ముట్టుకున్న రోజుకీ ఇవాళ్టికీ సరిగ్గా పన్నెండు రోజులు." బెండకాయల సంచీ గుర్తు రాలేదు. ఎందుకు గుర్తొస్తుంది, ఆ రాత్రికే వేపుడు చేసుకుని తినేశారు.

ముట్టుకున్న రోజే, ఇందుమతి ఇక తీగ దగ్గరికి రాకూడదని తీర్మానమైపోయింది. మామూలు రోజుల్లో కూడా. నీళ్ళ సీసా ఇస్త్రీ బల్ల కిందికి పోయింది. రోజూ ఆకు అడుగు తడుస్తూ ఉంటే ఆ పురుగులు నిలదొక్కుకోలేవు. ఇప్పుడు వాటికి అడ్డం లేదు. రోజుకింత పెరిగాయి. తీగ పాడైపోయే కొద్దీ "చూశావా" అనే మాట గట్టిపడింది. ఆ పిల్ల చెయ్యి తీసెయ్యడం వల్లే పాడైపోతోందని నాకు తెలుసు. తెలిసి నేనేం చెయ్యను. నోరుందా నాకు. పైనొకటి, కిందొకటి, రెండు ఖాళీలున్నాయి, ఒక్కదాన్నుంచీ మాట రాదు.

ఇందుమతి ఊరుకోలేదు. ఒక రోజు దూరం నుంచే వంగి చూసి, "అత్తయ్యా, ఆకు కింద ఏదో కదులుతోంది. పురుగేమో" అంది.

"నాకేం కనపడట్లా."

ఆ పిల్ల తెల్ల కాయితం తెచ్చి ఇచ్చింది. "మీరే ఆకు కింద ఇది పట్టుకుని ఒక్కసారి తట్టండి అత్తయ్యా. నేను ముట్టుకోను."

శేషారత్నమ్మ కళ్ళకి శుక్లాలు. ఆపరేషన్ అంటే భయపడి రెండేళ్ళుగా వాయిదా వేస్తోంది. కాయితం పట్టింది, తట్టింది. ఎర్రటి నలుసులు రాలాయి. ఇప్పుడు చూస్తుంది, ఇప్పుడు తెలుస్తుంది.

ఆవిడ కాయితం మొహానికి దగ్గరగా పెట్టుకుని, "కుంకుమే అమ్మాయ్. శుక్రవారం కుండీకి పెట్టింది గాలికి పైకి లేచి ఉంటది" అంది. రాలిన కుంకుమ నేల పాలు కాకూడదని కాయితం మడిచి కళ్ళకద్దుకుని, తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది.

అది కుంకుమ కాదమ్మా. నా అంచు మీద నువ్వు పెట్టిన బొట్లు నేనెరగనా. అవి నడవ్వు.

ఆ సాయంత్రం ఇందుమతి మొగుడికి చెప్పబోయింది. అతను ఫోన్లో ఉన్నాడు. "ఎర్రనల్లండీ బాబాయ్ అది. పైన కొడితే ఏం లాభం. ఆకు అడుగంతా తడవాలి" అంటున్నాడు ఎవరితోనో, తీగకి వీపు పెట్టి. ఫోన్ పెట్టేశాక, "మొక్కల సంగతి అమ్మనడుగు, నన్ను కాదు" అని అన్నానికి కూర్చున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నాకు రెండూ రావు, అది వేరే విషయం.

అసలు భయం తర్వాత మొదలైంది. శేషారత్నమ్మ వాళ్ళ అక్క బాపట్ల నుంచి రోజూ ఫోన్ చేస్తుంది. ఆవిడ గొంతు ఫోన్లో నుంచి కూడా హాలంతా వినపడుద్ది.

"చెయ్యి మంచిది కాదేమో చూసుకో శేషూ. ఇవాళ తీగ. రేపు కడుపున కాయ నిలవకపోతే అప్పుడేడుస్తావా?"

"మరేం చెయ్యమంటావక్కా."

"ఉగాది వంకతో ఒక నెల పుట్టింటికి పంపు. తీగ తేరుకుందా, నీకు తెలిసిపోయిద్ది. తేరుకోకపోతే పాపం ఆ పిల్ల తప్పు లేనట్టే. న్యాయంగానే కదా చెప్తంది నేను."

ఒక నిండు బతుకుని నా తీగ ఆకులతో తూచబోతున్నారు. తీగ తేరుకుంటే ఆ పిల్ల ఈ ఇంట్లో ఎప్పటికీ చెయ్యి మంచిది కాని మనిషే. తేరుకోకపోతే నా బిడ్డ చస్తుంది. ఏది కోరుకోను నేను. ఏ దేవుడికి మొక్కను. రెండిట్లో ఏది తల్చుకున్నా రెండోదానికి చేటు తల్చుకున్నట్టే ఉండేది.

వెళ్ళే రోజు పొద్దున్నే ఇందుమతి తలస్నానం చేసి నా దగ్గరికి వచ్చింది. అత్తగారు గుడికెళ్ళింది. తీగ కొసన బూజు పట్టని లేత చిగురు ఒకటుంది, మూడు కణుపుల ముక్క. గోటితో తుంచింది. పంపు కింద అటు తిప్పి ఇటు తిప్పి ఎంతసేపు కడిగిందో. తడి రుమాల్లో చుట్టి చేతిసంచీలో అడుగున పెట్టుకుంది. నా అంచు మీద ఒకసారి చెయ్యి వేసింది. "బతికితే తీసుకొస్తాలే" అంది. నాతో అన్నదో, తీగతో అన్నదో, తనతోనే అనుకున్నదో. నాకు నాతోనే అన్నట్టుంది. రేపల్లె బస్సులో జనం తొక్కిడికి ఆ చిగురు నలిగిపోతుందేమో, రుమాలు ఆరిపోతుందేమో. ఆ రోజంతా అదే.

ఉగాదికి నాలుగు రోజుల ముందు శేషారత్నమ్మ ఇల్లు దులపడం మొదలుపెట్టింది. పొడుగాటి కర్రకి చీపురు కట్టిన బూజుకర్ర. మూలలు దులిపింది, ఫ్యాన్లు దులిపింది. కిటికీ దగ్గరికొచ్చి, "సాలీడు ఎంత గూడు కట్టిందో చూడు" అని తీగ మీద బూజంతా ఆ చీపురుతో శ్రద్ధగా చుట్టి తీసింది. ఆ చీపురు నిండా ఎర్రటి నలుసులు కదులుతున్నాయి. అదే చీపురుతో బాల్కనీలోకి నడిచింది. అక్కడ తులసమ్మ ఉంది. ఇంట్లో తులసిని ముట్టుకునేది శేషారత్నమ్మ ఒక్కతే. కోడలికి కాదు, కొడుక్కి కాదు, పనిమనిషికి కాదు, ఎవరికీ ఆ అధికారం లేదు. ఆకుల మధ్య ఎక్కడో ఒక సాలెపోగు కనపడితే చీపురుతో సున్నితంగా తీసింది. తీసి దణ్ణం పెట్టుకుంది.

నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ తులసమ్మకి ఏం చేసిందో ఆవిడకి తెలీదు, నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఆవిడ మీద నాకు కోపం ఉండేది. అప్పుడు మాత్రం జాలేసింది.

నెల తిరక్కుండా నా తీగ ఆకులు గోధుమరంగై ఒక్కొక్కటీ రాలాయి. ఊచలకి ఎండు కాడలు మిగిలాయి. తులసి కూడా పాలిపోయింది. ముందు కొమ్మ చివర్లు, తర్వాత మధ్యలో. శేషారత్నమ్మ రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి చూసేది. నీళ్ళు ఎక్కువ పోసింది, తక్కువ పోసింది. ఒకసారి ప్రదక్షిణం ఆపేసి, తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. అక్క ఫోన్ మోగితే తియ్యలేదు.

చివరికి ఒక పొద్దున, "శివా, ఒకసారి ఇటు రారా" అని పిలిచింది. గొంతు వింతగా ఉంటే అతను ఫోన్ పక్కన పెట్టి వచ్చాడు. ఒక తులసాకు తిప్పి చూశాడు. అంతే, ఒక్క చూపు.

"ఎర్రనల్లి కదమ్మా ఇది. ఎప్పట్నుంచి ఉంది?"

అతను వెనక్కి తిరిగి, మొదటిసారిగా, నా వైపు చూశాడు. ఎండిన కాడల మీద బూజు చూశాడు. "ఇదీ అదే. బెండచేలల్లో ఉంటది. కూరగాయలతో వచ్చి ఉంటది. మైలా లేదు, మన్నూ లేదు. ఎవరూ చూడలేదా ఇంట్లో?"

"చూసింది" అంది శేషారత్నమ్మ. "కాయితం కూడా పట్టించింది నాతో."

దేవుడి గూట్లో నుంచి ఆ కాయితం మడత తెచ్చి విప్పి కొడుక్కి చూపించింది. అవి అప్పటికే ఎండి పొడైపోయాయి. నిజంగానే కుంకుమలాగా ఉన్నాయి. అతను ఒకసారి చూసి, మడిచి ఇచ్చేశాడు.

తులసికి మందు కొట్టకూడదు, తీర్థంలో వేస్తారు గనక. వేపనూనె, కుంకుడు రసం కలిపి ఆకు అడుగున చల్లమన్నాడు. శేషారత్నమ్మ ఇస్త్రీ బల్ల కింద నుంచి ఆ సీసా బయటికి తీసింది. తర్వాత కోడలికి ఫోన్ చేసింది. ఏం చెప్తుందా అని నేను చెవులు రిక్కించాను. తప్పయిపోయిందమ్మా అంటుందని కాదు. ఆవిడ అలాంటి మాట ఎవరితోనూ అన్నట్టు నేనెరగను.

"ఏమ్మా, బాగున్నావా. ఆ సీసాకి ముందు మర ఎటు తిప్పేదానివి? నాకు ధారగా పడతంది, తుంపరగా రావట్లా."

అవతల నుంచి ఏం చెప్పిందో వినపడలేదు. ఆవిడ మర అటు తిప్పింది, ఇటు తిప్పింది. గాల్లోకి తుంపర లేచింది. "ఆ, వచ్చింది" అంది. కొంచెం ఆగి, "నువ్వెప్పుడొస్తన్నావ్ మరి" అంది.

మర్నాడు నాలోంచి ఎండుతీగని వేర్లతో సహా పీకేశారు. ఆరేళ్ళ వేర్లు. నా లోపలి గోడలకి అల్లుకుని ఉన్నాయి, రాలేదు. శివప్రసాదు కత్తితో గీకాడు. ఆ నొప్పి గురించి చెప్పను. మట్టి దూరంగా పారబోసి, నన్ను మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన బోర్లించారు. పాత గచ్చు పెళ్ళలు, విరిగిన టైల్సు, ఒక తుప్పు పట్టిన గ్రిల్లు, నేను. నా చిల్లు ఇప్పుడు ఆకాశం వైపుంది. అందులోంచి వెలుగు సన్నగా లోపలికి పడుతుంది. ఆ వెలుగులో నా లోపలి పగుళ్ళు నాకు కనపడతాయి. అంచు కింద, నేలకి ఆనుకుని, గీతలాంటి పగులొకటుంది. అందులో ఎర్రటివి కొన్ని ముడుచుకుని ఉన్నాయి. చచ్చాయో, నిద్రపోతున్నాయో తెలీదు. కదలట్లేదు, అంతే.

నిన్న మెట్ల మీద రెండు జతల అడుగులు వినపడ్డాయి. ముందు శేషారత్నమ్మ ఆయాసం, వెనక ఇందుమతి గాజులు. ఆ పిల్ల చేతిలో గాజు సీసా. సీసాలో నీళ్ళు, నీళ్ళలో తెల్లటి వేర్లు, పైన మూడు ఆకులు. బతికింది. నా బిడ్డ ముక్క బతికి తిరిగొచ్చింది. నలగలేదు, ఆరిపోలేదు. చూస్తుంటే నాకు చిల్లులోంచి ఏదో జారిపోతున్నట్టయింది.

ఇందుమతి వంగి నన్ను రెండు చేతులా ఎత్తి తిప్పింది. "ఇందులోనే వేద్దాం అత్తయ్యా. దీనికి అలవాటైన కుండీ."

నా ప్రాణం పోయింది. వద్దమ్మా. ఆ వేర్లు నాకు కావాలి, అవి నా గోడలకి తగలాలి, ఇన్నాళ్ళూ అదే తల్చుకున్నాను. అయినా వద్దు. నా పగుల్లో ఏమున్నాయో నువ్వు చూడలేదు. నన్ను కింద పెట్టెయ్. నేనరుస్తున్నాను, నాలో గాలి తప్ప ఏమీ కదలట్లేదు. ఆ పిల్ల అరచేత్తో నా లోపలి దుమ్ము తుడుస్తోంది. సీసా పక్కనే ఉంది.

శేషారత్నమ్మ దగ్గరికొచ్చింది. ఆపరేషన్ ఇంకా చేయించుకోలేదు. కళ్ళు చికిలించి, మొహం నా అంచుకి ఆనించి, వేలితో పగులు వెంట తడిమింది. వేలు పైకెత్తి ఎండలో చూసుకుంది. ఎర్రటి మరక.

"వద్దమ్మాయ్" అంది. "దీంట్లో ఉన్నాయేమో. కొత్త కుండీ తెచ్చుకుందాం."

"కుంకుమేమో అత్తయ్యా" అంది ఇందుమతి. ముఖంలో నవ్వు లేదు, గొంతులో ఉంది.

శేషారత్నమ్మ కోడలి వైపు చూసింది. వేలు చీర చెంగుకి తుడుచుకుని, సీసా జాగ్రత్తగా రెండు చేతులా పట్టుకుని తనే ముందు మెట్లు దిగింది. ఇందుమతి నన్ను మళ్ళీ బోర్లించి, అంచు కిందున్న గచ్చు పెళ్ళ తీసి సరిగ్గా కూర్చోబెట్టింది. ఆ పిల్ల కూడా వెళ్ళిపోయింది.

వద్దన్న నా మనసులో మాట ఒక మనిషి నోట రావడం నా బతుకులో అదొక్కసారే. బాధ లేదంటే అబద్ధం. ఇవాళ పొద్దున్నే కింద బాల్కనీలోంచి తుంపర కొట్టే చప్పుడు వినపడింది. చస్, చస్, అని ఆగి ఆగి. ఆకు అడుగునే కొడుతున్నారో, పైనే కొడుతున్నారో, ఇక్కణ్ణుంచి నాకు తెలీదు.